బరంపురంలో మూడేళ్లు ప్రాక్టీస్: కూర్చోనా, మానేయనా?

పట్టునేత_పిల్ల | 2025 జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. మాది బరంపురం. నాన్నది పట్టు చీరల పని. మగ్గాల్లో ఒకటే మిగిలింది, చిన్న కొట్టు మీద ఇల్లు నడుస్తోంది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, పరీక్ష హాల్లో ఇంగ్లీషు. ఇక్కడ చాలామంది అలా పెరిగినవాళ్లే కాబట్టి అడుగుతున్నాను.

ఈ ఏప్రిల్‌లో ఎల్‌ఎల్‌బీ చివరి పరీక్షలు రాశాను. చేరిన రోజు నుంచి నా లెక్క ఒకటే. చదువవగానే ఒడిశా జ్యుడీషియల్ సర్వీస్ రాయాలి, ఇరవై ఆరుకల్లా సివిల్ జడ్జి అవ్వాలి. మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కనీసం మూడేళ్లు లాయరుగా ప్రాక్టీస్ చేసినవాళ్లే ఇక పరీక్ష రాయాలట. ఆ సాయంత్రం అమ్మ అడిగింది, “అయితే ఇంకో మూడేళ్లు కోర్టు వరండాలో నిలబడతావా?” అని. నాకిప్పుడు 24. ప్రాక్టీస్ మూడేళ్లు, ఆపైన నోటిఫికేషన్, ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. ఎంత లాగినా 28, 29 అవుతుంది. ఇచ్ఛాపురం సంబంధం ఒకటి ఇప్పటికే ఇంట్లో నానుతోంది.

మా వాళ్లలో లాయర్లెవరూ లేరు. ఏ సీనియర్ దగ్గరికి వెళ్లాలో, వెళ్లి ఏమని అడగాలో కూడా తెలియదు. బ్యాంకు పరీక్షల వైపు మళ్లిపోనా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పక్కర్లేదు.

ఇచ్ఛాపురం_బస్సు | రాత్రి 10:05

ఉన్నది ఉన్నట్టు కావాలన్నావు కదా చెల్లీ, విను. మా అక్క రెండేళ్లు ఒక సీనియర్ దగ్గర చేసింది. నెలకు మూడు వేలు, అదీ ప్రతి నెలా కాదు. పొద్దున్నంతా కోర్టు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆయనింటి ముందు గదిలో ఫైళ్లు. రాత్రి నేనే స్కూటర్ మీద వెళ్లి తెచ్చేవాణ్ని. ఒక రోజు నాన్న, “జీతం లేని ఉద్యోగానికి పెట్రోలు కూడా నేనే పొయ్యాలా?” అన్నారు. అక్క మర్నాటి నుంచి వెళ్లలేదు. ఇప్పుడు బ్యాంకులో క్లర్కు. ఒకటో తారీఖుకి జీతం, ఆదివారం సెలవు.

లా అనేది ఇంట్లో ముందే ఒక నల్ల కోటు వేలాడుతున్నవాళ్లకి. ఆడపిల్లలకి మరీ కష్టం.

గుణుపురం_రైలు | రాత్రి 10:31

తీర్పు గురించి సగం తెలిసి భయపడొద్దు. ప్రాక్టీస్ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా తాత్కాలిక నమోదు, అయిన రోజు నుంచే మొదలవుతుంది, లాయర్లకి పెట్టే బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి కాదు. అంటే సర్టిఫికెట్ చేతికి రాగానే ఎన్‌రోల్ అయిపోవాలి, ఒక్క నెల కూడా వదులుకోకూడదు. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా కలుస్తుంది. చివర్లో అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువపత్రం ఇవ్వాలి, లేదంటే కనీసం పదేళ్ల సీనియారిటీ ఉన్న లాయరు ఇచ్చినదాని మీద ఆ అధికారి సంతకం ఉండాలి. ఈ నియమం కొత్తదేం కాదు. 1993లో పెట్టారు, 2002లో తీసేశారు, ఇప్పుడు మళ్లీ తెచ్చారు.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు సంగతి కూడా చెప్తాను. ఒడిశాలో 42 వేలు దాటి వసూలు చేసేవారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని చెప్పింది. మీ నాన్నగారికి ముందు ఈ మాట చెప్పు.

కోర్టుపేట_అక్క | జూన్ 15, ఉదయం 6:20

బస్సు తమ్ముడూ, మీ అక్క పడ్డది నేనూ పడ్డాను. నా మొదటి ఏడాది సంపాదన చెప్తే నవ్వుతావు. 2006లో చేరాను. దసరాకి సీనియర్ గారిచ్చిన వెయ్యినూటపదహార్లు కలుపుకుని ఏడాది మొత్తానికి పదకొండు వేలు. పోయిన అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వమని సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే. సలహా ఖర్చు లేనిది, అందుకే అందరూ ఇస్తారు. కాబట్టి అమ్మాయీ, మొదటి రెండేళ్లు ఇంటి అన్నమే తినాలి. ఆ సంగతి ఇంట్లో ముందే లెక్క వేసి చెప్పు. దాచిపెట్టి చేరితే తర్వాత పెట్రోలు దగ్గర తగువు వస్తుంది.

కానీ “ఆడపిల్లలకి మరీ కష్టం” అన్న మాటకి జవాబు చెప్పకుండా వదలను. 1921లో కటక్‌కు చెందిన సుధాంశుబాల హజ్రా ప్లీడరుగా నమోదు చెయ్యండని అడిగితే పట్నా హైకోర్టు కుదరదంది. ఆడదానికి ఆ హక్కు ఇస్తున్నట్టు చట్టంలో లేదు అని. 1923లో చట్టమే మార్చాల్సి వచ్చింది. అప్పుడు మన గంజాం మద్రాసు కింద ఉండేది లెండి, అయినా కటక్ మనకెంత దూరం? ఆవిడకి తలుపే లేదు. మనకి తలుపుంది, లోపల కుర్చీ లేదు. రెండూ ఒకటి కావు.

ఆ కుర్చీ నాకెలా దొరికిందో చెప్తాను. ఊరు చెప్పను. మూడో ఏడు దాకా నా పనల్లా హాజిరా, అంటే హాజరు కాగితం, దాఖలు చెయ్యడం, వాయిదా అడగడం. మా ముహురీ, అంటే సీనియర్ గారి గుమాస్తా, ఫైలు నా చేతికిచ్చేవాడు కాదు, నా తర్వాత చేరిన అబ్బాయికిచ్చేవాడు. “మేడమ్ మీరు కూర్చోండి” అనేవాడు. మర్యాదతో చంపడమంటే అదే.

అప్పుడొక భూమి తగాదా వచ్చింది. మా పార్టీ దగ్గరున్నది 1931 నాటి క్రయదస్తావేజు. ఒడిశా రాష్ట్రం వచ్చింది 1936లో కదా, అంతకు ముందు కాగితం, మొత్తం తెలుగు, గొలుసుకట్టు రాత. ఎవరితోనో అనువాదం చేయించి దాఖలు చేశారు. చెక్కుబందీల్లో పడమర హద్దు “గెడ్డ” అని ఉంటే ఆయన దాన్ని గడ్డ అనుకుని మట్టిదిబ్బ అని రాశాడు. సర్వే చేసినాయన పొలమంతా తిరిగి పడమర వైపు దిబ్బేదీ లేదని రిపోర్టిచ్చాడు. కేసు సగం పోయినట్టే. గెడ్డంటే వాగని మన పిల్లల్ని ఎవర్నడిగినా చెప్తారు. మా నాయనమ్మ బట్టలుతికింది గెడ్డలోనే.

సీనియర్ గారికి చెప్పాను. కాసేపు నా వంక చూసి, “రేపు నువ్వే చెప్పు” అన్నారు. లేచి నిలబడ్డాను, నోరెండిపోయింది. గెడ్డ అన్న మాట మూడుసార్లు అన్నాను, మూడోసారికి గొంతు పెగిలింది. జడ్జిగారు ఒడియా ఆయన, “నాళొ?” అని అడిగారు. అవునన్నాను. కొత్త అనువాదం దాఖలు చెయ్యమని ఆర్డర్ షీట్ మీద రాశారు. మర్నాడు ముహురీ ఏమీ అనకుండా ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఈ జిల్లాల్లో పాత తెలుగు కాగితాలు బీరువాల నిండా ఉన్నాయి. చదివేవాళ్లు తగ్గిపోయారు. నువ్వు చదవగలవా?

పట్టునేత_పిల్ల | ఉదయం 8:12

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను, అమ్మకి వినిపించాను. గెడ్డ దగ్గర అమ్మ నవ్వింది.

తెలుగు చదవగలను, తాతయ్య నేర్పారు. గొలుసుకట్టు మాత్రం కష్టం. నా అసలు టెన్షన్ ఒడియా. ఇంగ్లీషు మీడియంలో చదివాను, పదో తరగతి దాకా ఒడియా ఉంది కాబట్టి అర్హతకి ఇబ్బంది లేదు. మాట్లాడితే ఎవరూ తెలుగమ్మాయి అనుకోరు. రాయడం వచ్చేసరికి చెయ్యి నత్తలా నడుస్తుంది. మెయిన్స్‌లో ఇంగ్లీషు నుంచి ఒడియాకి, ఒడియా నుంచి ఇంగ్లీషుకి అనువాదం ఉంటుంది. మొన్న ఇంట్లో టైం పెట్టుకుని రాస్తే ఇరవై లైన్లకి నలభై అయిదు నిమిషాలు పట్టింది.

కోర్టుపేట_అక్క | ఉదయం 8:30

అయితే మూడేళ్లు ఎందుకని అడుగుతావేం? నీకవి కావలసిందే. రోజూ ఒక డెపోజిషన్, అంటే సాక్షి వాంగ్మూలం, ఒడియాలో తిరగరాయి. ఆరు నెలల్లో చెయ్యి పరుగెడుతుంది.

డెబిట్_క్రెడిట్ | మధ్యాహ్నం 1:15

రాయగడ నుంచి. నేను సీఏని. లా గురించి తెలియదు, ఏళ్లు పోవడం గురించి బాగా తెలుసు.

సీఏలో ఒక్కో పేపర్లో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. నాకు ఒకసారి అన్ని పేపర్లలో 40 దాటి గ్రూపులో మూడు మార్కులు తక్కువొచ్చాయి. తర్వాతిసారి మొత్తం బ్రహ్మాండంగా వచ్చి ఒక్క పేపర్లో 38. ఫైనల్ నాలుగో ప్రయత్నంలో అయింది. ఆ మధ్యలో మా వీధిలో నా తోటి పిల్లలు ముగ్గురికి పెళ్లిళ్లయ్యాయి. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు “ఇంకా పరీక్షలేనా?” అనేవారు. రెండో పెళ్లి నుంచి వంటవాళ్ల దగ్గర కూర్చోవడం నేర్చుకున్నాను. అక్కడ ఎవరూ అడగరు, వేడి బూరెలు ముందు దొరుకుతాయి కూడా.

అప్పట్లో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర శిక్షణ, మూడేళ్లు, ఇప్పుడు రెండేళ్లకి తగ్గించారు. విశాఖపట్నంలో చేశాను. ఒకసారి స్టాక్ లెక్కకి ఒక ఫ్యాక్టరీకి పంపారు. గేటు దగ్గర స్టోర్స్ ఆయన నా వెనక చూస్తున్నాడు, ఆడిటర్ ఇంకా రాలేదేమోనని. నేనే అన్నాను. “బొగ్గు గుట్ట ఎక్కాలమ్మా, మీరు ఆఫీసులో కూర్చోండి, రిజిస్టర్ తెస్తాను” అన్నాడు. ఎక్కాను. చున్నీ నడుముకి కట్టుకుని, టేపు ఒక చివర ఆయన చేతికిచ్చి. పైకి వెళ్తే గుట్ట మధ్యలో పెద్ద గొయ్యి ఉంది. కింది నుంచి చూస్తే నిండుగా కనబడుతుంది. కొలిస్తే రిజిస్టర్‌లో రాసినదానికి చాలా తక్కువ. ఆయన ఆ రోజు నాకు టీ కూడా ఇవ్వలేదు.

1933లో మద్రాసులో ఆర్. శివభోగం అనే ఆవిడ దేశంలోనే తొలి మహిళా అకౌంటెంట్ అయ్యారు. మహిళా దినోత్సవం రోజు ప్రతి సంస్థలోనూ ఆవిడ ఫోటో పెడతారు. నాకు ఆ తొలి మహిళల ప్రసంగాలంటే కొంచెం విసుగు. ఫోటో పెట్టినాయనే మర్నాడు బయట ఊరి ఆడిట్ లిస్టులో అమ్మాయిల పేర్లు కొట్టేస్తాడు, “మీకెందుకు శ్రమ” అని. చెల్లీ, నువ్వు చేరే చోట పని ఎవరికి పంచుతున్నారో చూడు. కష్టమైన పని నీ దాకా రాకపోతే అది దయ కాదు.

ఇద్దరాడపిల్లల_నాన్న | సాయంత్రం 5:48

అమ్మా, నేను జయపురం వాణ్ని. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యాను. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి ప్రాజెక్టు కాబట్టి మా క్వార్టర్లలో రెండు భాషలూ కలిసే ఉండేవి. మీ నాన్నగారి వైపు నుంచి ఒక మాట రాస్తాను.

మాకు సంబంధాల భయం నిజంగానే ఉంటుంది. ఒడిశాలో ఉన్న తెలుగు పిల్ల అంటే అటు శ్రీకాకుళం వాళ్లు “ఒడియా మనుషులు” అంటారు, ఇక్కడి వాళ్లకి మనం తెలుగు వాళ్లం. అసలే వచ్చే సంబంధాలు తక్కువ, వయసు దాటితే ఇంకా తగ్గుతాయని గాభరా. ఆ గాభరాలో మా పెద్దదాన్ని బీటెక్ అవ్వగానే పెళ్లి చేసి పంపేశాను. ట్రాన్స్‌ఫార్మర్ల మీద నాకంటే బాగా మాట్లాడేది. ఇప్పుడు వాళ్ల ఇంట్లో ఫ్యూజు పోతే అల్లుడు ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాడట, అది పక్కన నిలబడి చూస్తుందట. ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత గారు దేశంలోనే తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, అదీ ఎలక్ట్రికల్. 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. వాళ్ల నాన్నగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ప్రొఫెసరు, 1940లో ఆవిడ అక్కడే చేరారు. పట్టాల మీద “అతడు” అనే అచ్చు వేసి ఉండేదట, ఆవిడ పట్టాలో అది కొట్టేసి చేత్తో “ఆమె” అని రాశారు. ఉద్యోగంలో ఇవన్నీ చదివినవాణ్నే. చదివి ఏం లాభం, నా ఇంట్లో నేను ఆ తండ్రిని కాలేకపోయాను.

రెండో అమ్మాయిని ఆపలేదు. భువనేశ్వర్‌లో పనిచేస్తోంది, 31. సంబంధాలు రాలేదా అంటే వచ్చాయి, కొన్ని దానికి నచ్చలేదు. అది వేరే విషయం.

ఇచ్ఛాపురం_బస్సు | సాయంత్రం 6:20

అంకుల్, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఈ అమ్మాయికి గిండీలో ప్రొఫెసరైన నాన్న లేడు, ఒక మగ్గం ఉన్న నాన్న ఉన్నాడు. పెద్దవాళ్ల కథలు చెప్పి చిన్న ఇళ్లని అప్పులపాలు చెయ్యకండి. మూడేళ్లయ్యాక పరీక్ష పోతే? అప్పుడు ఇక్కడ రాసినవాళ్లలో ఒక్కరైనా పలుకుతారా?

కోర్టుపేట_అక్క | సాయంత్రం 6:41

ఈసారి తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. పరీక్ష పోతే మూడేళ్ల ప్రాక్టీస్ ఉన్న లాయరుగా మిగులుతుంది. బ్యాంకు కోచింగ్‌లో పరీక్ష పోతే కోచింగ్ రశీదు మిగులుతుంది. ఇంకా కావాలంటే బ్యాంకుల్లోనే లా ఆఫీసర్ పోస్టులుంటాయి, అవీ రాసుకోవచ్చు.

పెళ్లి సంగతి. సి.బి. ముత్తమ్మ గారు 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. ఆడ అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అప్పట్లో రాతపూర్వకంగా రూలుండేది, పెళ్లయ్యాక ఉద్యోగం మానమనే వీలు కూడా. ఆవిడ సుప్రీంకోర్టుకెక్కితే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా చివాట్లు పెట్టారు. పుస్తకంలో రూలు పోయింది. ఇళ్లలో ఉన్నదానికి రిట్ వెయ్యలేం.

నిర్వాహకులు | సాయంత్రం 6:55

బస్సు గారూ, “ఒక మగ్గం ఉన్న నాన్న” అనే మాట కాస్త గుచ్చుకునేలా ఉంది. చర్చ బాగుంది, తీసెయ్యడం లేదు. మెల్లగా.

పట్టునేత_పిల్ల | రాత్రి 7:30

ఫరవాలేదండీ. మగ్గం ఒకటే అని నేనే చెప్పాను. పైగా అన్నయ్య ప్రశ్నే నాన్న కూడా అడిగారు, ఇంచుమించు అవే మాటల్లో.

మహేంద్రతనయ | రాత్రి 11:50

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను, పొట్టిగా రాస్తాను. పర్లాకిమిడి మాది, డాక్టర్ని. భాష గురించి ఒకటి. నీట్ పేపరు తెలుగులో ఉంటుంది కానీ ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే. ఒడిశా సెంటర్‌లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, ఒడియా. మా సరిహద్దులో తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఈ విషయం ఫారం నింపేటప్పుడు తెలుస్తుంది. నాతో చదివిన ఒకమ్మాయి, నాకంటే తెలివైనది, బయాలజీ మొత్తం తెలుగులో కంఠతా వచ్చినది, అక్కడే ఆగిపోయింది. అప్పుడు నీట్ లేదు, పరీక్ష పేరు వేరు, గోడ మాత్రం ఇదే. కాబట్టి ఒడియా రాత గురించి అక్క చెప్పింది తేలిగ్గా తీసుకోకు.

రెండోది, ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు. పీజీ రెండో ఏడులో పెళ్లి చేసుకున్నాను. పెళ్లికి ముందు మా ఆయన్ని ఒకటే అడిగాను, నైట్ డ్యూటీ నెలకు ఎన్ని ఉంటాయో తెలుసా అని. తెలియదు, చెప్పు అన్నాడు. తెలుసు అన్న ఇద్దర్ని అంతకు ముందు వద్దన్నాను. ఆ ఇచ్ఛాపురం అబ్బాయిని కూడా ఏదో ఒకటి అడిగి చూడు. జవాబు కంటే అడిగినప్పుడు ముఖం చూడు.

కోర్టుపేట_అక్క | జూన్ 16, ఉదయం 6:05

సీనియర్ని వెతకడం గురించి అడిగావు, మర్చిపోయాను. పేరున్నాయన అని వెళ్లకు. ఆయన దగ్గర రెండేళ్లు దాటి నిలబడిన ఆడ జూనియర్లు ఎంతమంది? వాళ్లు కోర్టులో నోరు విప్పుతున్నారా, ఫైళ్లు మోస్తున్నారా? ఒక వారం వెనక బెంచీలో కూర్చుని చూస్తే తెలిసిపోతుంది, ఓపెన్ కోర్టు, ఎవరూ ఆపరు. ట్రయల్ ఎక్కువ చేసేవాళ్లని చూసుకో. సాయంత్రం ఏడున్నరకి బయల్దేరతానని చేరే రోజే చెప్పు, తర్వాత చెప్తే అలుసు.

ఇంకొకటి, మొహమాటం లేకుండా. నేను తిరిగిన ఒక చిన్న కోర్టులో ఆడవాళ్ల బాత్రూమ్‌కి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా తరం వాళ్లం మంచినీళ్లు తాగడం మానేసి నెట్టుకొచ్చాం. ఈ జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టుల్లోనూ వీటిని సరిచెయ్యమంది. వెళ్లిన మొదటి రోజే తాళంచెవి సంగతి కనుక్కో. నీళ్ల సీసా పెద్దదే తీసుకెళ్లు.

పట్టునేత_పిల్ల | 2025 ఆగస్టు 23, రాత్రి 9:10

అందరికీ ఆలస్యంగా. ఎన్‌రోల్ అయ్యాను. మూడు వారాలైంది ఒక మేడమ్ దగ్గర చేరి. వారం రోజులు వెనక బెంచీలో కూర్చున్నాకే వెళ్లి అడిగాను. నాన్న ఏడాదికి సరేనన్నారు, ఆపైన చూద్దామన్నారు. ఇచ్ఛాపురం సంబంధానికి అమ్మ “కొంచెం ఆగండి” అని కబురు పంపింది, వద్దనలేదు. నేనూ ఇంకేం అడగలేదు.

మొదటి రోజు హాజిరాలో కేసు నంబరు తప్పు రాశాను. పేష్కార్, అంటే కోర్టు గుమాస్తా, కళ్లద్దాలు తీసి నన్నోసారి చూశారు, అంతే. ఒడియా ఇప్పుడు ఇరవై లైన్లకి ముప్పై ఒక్క నిమిషం.

ఇవాళ మేడమ్ పాత కాగితాల కట్ట ఒకటి ఇచ్చి చదవమన్నారు. దస్తావేజు ఎలాగో చదివాను. దాంతోపాటు ఒక శిస్తు రశీదు ఉంది, మీద “ఫసలీ 1338” అని మాత్రమే ఉంది. అది ఏ సంవత్సరం? సోమవారం చెప్పాలి.

కోర్టుపేట_అక్క | రాత్రి 9:14

ఫసలీ అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం. 590 కలుపు. 1928 జూలై నుంచి 1929 జూన్ దాకా. రశీదు అంచున గ్రామం పేరు ఉంటుంది, మడత విప్పి చూడు.

పట్టునేత_పిల్ల | రాత్రి 9:22

ఉంది అక్కా. మడతలో ఉంది.